ఫ్రెంచ్ ప్యాక్ తీసెయ్యమన్న సీనియర్

మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. ఇంకో అన్నా నేనూ కలిసి కొన్నేళ్ళుగా ఒక వాట్సాప్ గ్రూపు చూసుకుంటున్నాం, కోడింగ్ నేర్చుకునే పిల్లల కోసం పెట్టింది. నరసన్నపేట, పాతపట్నం, టెక్కలి, పలాస, ఇటు రాజాం, బొబ్బిలి, విజయనగరం, అన్నివైపుల నుంచీ ఉన్నారు. ఎక్కువమంది బీటెక్కో డిగ్రీయో చదువుతున్నోళ్ళు, వాళ్ళింట్లో లాప్‌టాప్ అనేది మొదట ముట్టుకున్నది వీళ్ళే.

పోయినేడు ప్రాజెక్ట్ రివ్యూకి నాలుగు రోజుల ముందు, రాత్రి పదకొండు దాటాక పలాస వైపు పిల్లోడొకడు, లాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్ కూడా పెట్టుకున్నోడు, గ్రూపులో అడిగాడు, "అన్నా ఉబుంటులో స్పేస్ అయిపోయింది, ఏదీ ఇన్‌స్టాల్ అవట్లేదు, ఏటి చెయ్యాలి?" అని. ఐదు నిమిషాల్లో సమాధానం వచ్చింది. ఇచ్చినతను గ్రూపులో చేరి రెండు వారాలు కూడా కాలేదు, ప్రొఫైల్లో సీనియర్ డెవాప్స్ ఇంజినీర్ (కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాడు) అని ఉంది, అంతకుముందు ఒకరిద్దరికి మంచి సమాధానాలే ఇచ్చాడు. "ఉబుంటుతో పాటు ఫ్రెంచ్ లాంగ్వేజ్ ప్యాక్ వస్తాది తమ్ముడూ, మనకి అక్కర్లేదు కదా, అది తీసెయ్, 2 జీబీ దాకా మిగుల్తాది" అని చెప్పి కింద ఒక కమాండ్ పెట్టాడు. సుడో, ఆర్ఎం, మైనస్ ఎఫ్ఆర్, చివర్న ఒక స్లాష్, ఒక స్టార్.

లైనక్స్ తెలిసినోళ్ళకి ఇప్పటికే గుండె జారిపోయుంటాది. తెలీనోళ్ళ కోసం చెప్తాను. సుడో అంటే పూర్తి అధికారంతో నడపమని. ఆర్ఎం అంటే తీసెయ్యమని. ఆర్ అంటే ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్, అలా అడుగుదాకా వెళ్ళమని. ఎఫ్ అంటే ఏదీ అడక్కుండా చేసెయ్యమని. ఈ రెండక్షరాలూ ఎటునుంచి రాసినా ఒకటే, కానీ ఎఫ్ ముందు పెడితే ఫ్రెంచ్ భాషకి వాడే కోడ్‌లా కనిపిస్తాది, మోసమంతా అక్కడే ఉంది. స్లాష్ అంటే మొత్తం సిస్టమ్‌కి మూలం. ఈ జోకు ఎప్పట్నుంచో తిరుగుతోంది, 2006 నుంచి లైనక్స్‌లో ఉండే జీఎన్‌యూ వాళ్ళ ఆర్ఎం ఒట్టి స్లాష్ ఇస్తే నేను చెరపను అని ఆగిపోతుంది. అందుకే జోకు వేసేవాళ్ళు పక్కన స్టార్ పెట్టడం మొదలెట్టారు, స్టార్ ఉంటే షెల్లే, అంటే మనం కొట్టిన కమాండ్ చదివే ప్రోగ్రామే, దాన్ని విడగొట్టి లోపలున్న ఒక్కో ఫోల్డర్ పేరూ ఆర్ఎం చేతికిస్తుంది కాబట్టి ఆ కాపలా పనిచెయ్యదు. అంటే ఆ రాత్రి ఆ కమాండ్ పెట్టినతనికి ఇదంతా తెలుసు. తెలిసినోడే పెట్టాడు.

పిల్లోడు కొట్టాడు. ఆ లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, వాళ్ళమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికెళ్ళి, పైన డ్వాక్రా లోను తీసుకుని కొనిచ్చింది. ప్రాజెక్ట్ కోడు ఇంకెక్కడా పెట్టలేదు. విండోస్ ఉన్న పార్టిషన్, అంటే డిస్క్‌లో ఆ భాగం, ఆ టైంలో ఉబుంటుకి తగిలించి లేదు గనక అదొక్కటి మిగిలింది, ఉబుంటు వైపున్నదంతా పోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తర్వాత రెండు రోజులు గ్రూపులో జరిగిన గొడవ చూశాక నాకు ఈ విషయం అనుకున్నంత తేలికైంది కాదని అర్థమైంది. ఎక్స్‌పర్ట్ వేషం కట్టి నవ్వించేవాడు వచ్చినప్పుడు ప్రోగ్రామర్లు ఎలా స్పందిస్తారు అనేది ప్రపంచమంతా ఉన్న గొడవే, మన గ్రూపులో దాని చిన్న ముక్క చూశాను అంతే.

మొదట కొందరు నవ్వారు. ముప్ఫై నలభై నవ్వు బొమ్మలు వచ్చుంటాయి, నవ్వినోళ్ళలో చెడ్డోళ్ళు ఎవరూ లేరు, వాళ్ళకి ఆ కమాండ్ ఎప్పుడో తెలుసు, "ఇప్పటికీ ఇది పనిచేస్తుందా" అనే ఆశ్చర్యంతో నవ్వారు. ఇంకొందరు పిల్లోడి మీద పడ్డారు, బ్యాకప్ లేదా, గిట్‌లో కోడు దాచుకోవా, ఏది పెడితే అది కొట్టేస్తావా అని. వాళ్ళు చెప్పింది నిజమే, చెప్పిన టైము మాత్రం పుండు మీద కారం. కొందరు కమాండ్ ఎలా పనిచేస్తుందో పెద్ద పెద్ద మెసేజ్‌లు రాశారు, అవి నిజంగా బాగున్నాయి, కానీ అప్పటికే అయిపోయింది. ఒకరిద్దరు అతన్ని గ్రూపులోంచి తీసెయ్యమన్నారు. వెంటనే ఇంకొకరు "జోకుకి తీసేస్తే ఇంక గ్రూపులో ఎవడు మాట్లాడతాడు" అన్నారు. బొబ్బిలి అమ్మాయి ఒకామె మాత్రం గ్రూపులో ఏమీ అనలేదు, నాకు విడిగా రాసింది: "అన్నా, నేను కూడా కాపీ చేసుకున్నాను, లాప్‌టాప్ చార్జింగ్ లేక ఆగాను."

నాకు ఆ మెసేజ్ ఇప్పటికీ గుర్తుంది. నవ్వినోళ్ళూ తిట్టినోళ్ళూ అందరూ కనిపించారు గానీ ఈ అమ్మాయి లాంటివాళ్ళు ఎవరికీ కనిపించరు. ఒక జోకు మీద గొడవ పడేటప్పుడు అది నవ్వొచ్చేదా కాదా అని తెగ వాదిస్తాం, కానీ తేల్చాల్సింది అక్కడున్నోళ్ళలో అందరికన్నా కొత్తగా వచ్చినోళ్ళకి అది వేషమని తెలుస్తుందా లేదా అన్నది. నా లెక్కలో చిక్కంతా ఇదొక్కటే.

మన ఊళ్ళల్లో పగటివేషాలు ఉండేవి. మా అమ్మమ్మ చెప్పేది, వేషగాళ్ళు వస్తే ఒకరోజు డాక్టరు, ఒకరోజు పోలీసు, ఒకరోజు జోస్యుడు, ఎంత బాగా కట్టేవాళ్ళంటే నిజం పోలీసు అనుకుని పిల్లలు ఇళ్ళల్లోకి పరిగెత్తేవాళ్ళంట. పెద్దోళ్ళు కూడా ఒక్కోసారి బోల్తాపడేవాళ్ళు. కానీ ఎవరూ వాళ్ళని తిట్టుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే డాక్టరు వేషం కట్టినోడు నాడి చూసేవాడు, మాటల్తో కడుపుబ్బ నవ్వించేవాడు, అంతేగానీ ఎవరికీ మందు మింగించేవాడు కాదు. వేషాలన్నీ అయ్యాక వచ్చి, నేనేనమ్మా అని చెప్పి, బియ్యమో డబ్బులో తీసుకెళ్ళేవాడు. విప్పి చూపించడం కూడా ఆ విద్యలో భాగమే. నాకు ప్రోగ్రామర్ల జోకులు అర్థం చేసుకోడానికి ఇంతకన్నా మంచి కొలత దొరకలేదు.

ఎందుకంటే ఈ రంగంలో వేషాలకి గొప్ప చరిత్రే ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ప్రేమిస్తాను. ఇంటర్నెట్ నియమాలు రాసే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు ఉంటాయి కదా, 1990 ఏప్రిల్ 1న 1149 నంబరుతో ఒకటి వచ్చింది, పావురాల కాళ్ళకి కాగితాలు కట్టి డేటా పంపడం ఎలాగో చాలా సీరియస్‌గా, అసలు పత్రాల భాషలోనే రాశారు. దానికి ప్రోగ్రామర్ల స్పందన ఏంటంటే, 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లైనక్స్ వాళ్ళు నిజంగా పావురాలతో చేసి చూశారు, 9 ప్యాకెట్లు పంపితే 4 తిరిగొచ్చాయి, ఒక్కోదానికి 53 నిమిషాల నుంచి గంటా ముప్పావు దాకా పట్టింది. అలాగే 1998లో కాఫీ కాచే యంత్రాల కోసం ఒక ఉత్తుత్తి ప్రోటోకాల్ రాశారు, అందులోంచి వచ్చిందే 418 ఎర్రర్, "నేను టీపాట్‌ని" అని చెప్పేది. 2017లో దాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లలోంచి తీసేద్దామంటే జనం ఊరుకోలేదు, ఉంచాల్సిందే అని పట్టుబట్టారు. 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ (వెబ్ నడిచే నియమాల) ప్రమాణంలో ఆ నంబరు ఇంకెవరూ వాడకుండా పక్కన పెట్టారు.

ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో ఇంకోటి. 2009లో ఎవరో, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లోని ట్యాగులని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరస చెప్పి వెతికే పద్ధతితో) పట్టుకోవడం ఎలా అని అడిగారు. దానికొచ్చిన ఒక సమాధానం పద్ధతిగానే మొదలై, కోపం పెరిగి పెరిగి, చివరికొచ్చేసరికి రాసినోడికి పిచ్చెక్కినట్టు అక్షరాలే కరిగి కిందకీ పైకీ కారిపోతుంటాయి. వేల ఓట్లు వచ్చాయి. మోడరేటర్లు దాన్ని తీసెయ్యలేదు, ఇది ఎలా కనిపించాలో అలాగే కనిపిస్తోంది అని రాసి ఎవరూ దిద్దకుండా తాళం వేశారు. ఎందుకు బతికిందంటే, ఆ పిచ్చి లోపల చెప్పిన మాట కరెక్టు. ఒకదాన్లో ఒకటి ఎన్ని పొరలైనా ఉండగలిగే హెచ్‌టీఎంఎల్‌ని, ఆ పొరలు లెక్కపెట్టలేని రెగ్యులర్ గ్రామర్‌తో (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వెనకున్న వ్యాకరణంతో) పూర్తిగా చదవలేం, పొరలు విడదీసి చదివే పార్సర్ వాడాలి. కొత్తోడు అది చదివి నమ్మేసినా వాడికొచ్చే నష్టం ఏమీ లేదు. ఇది మందు మింగించని డాక్టరు వేషం.

ఫ్రెంచ్ ప్యాక్ అలాంటిది కాదు, అది విషం సీసా మీద టానిక్ అని రాసి ఇవ్వడం.

ఈ రెంటికీ మధ్యలో ఇంకో రకం ఉంది, నిజానికి దాని గురించే నాకు ఎక్కువ బెంగ. దానివల్ల ఏదీ పేలదు, ఏదీ పోదు. మా గ్రూపులోనే ఒకాయన "సీ లాంగ్వేజ్‌లో వేరియబుల్ పేర్లు ఒక్క అక్షరంతో పెడితే ర్యామ్ మిగుల్తాది, పెద్ద కంపెనీల్లో అందరూ అలాగే రాస్తారు" అని పెట్టాడు. తెలిసినోళ్ళు జోకని వదిలేశారు. అది తప్పు, ఎందుకంటే కంపైలర్ ప్రోగ్రామ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చేటప్పుడు లోకల్ వేరియబుల్ పేర్లు పోతాయి, మిగిలేవి అడ్రసులూ రిజిస్టర్లే, పేరు ఒక్క అక్షరమైనా ఇరవై అక్షరాలైనా నడిచేటప్పుడు మెమరీలో తేడా రాదు. కానీ ఈ వివరణ ఎవరూ రాయలేదు, చిన్న విషయం కదా అని. ఏడాదిన్నర తర్వాత రాజాం వైపు పిల్లోడు ఇంటర్వ్యూలో అదే మాట నమ్మకంగా చెప్పొచ్చాడంట, ఎవరు చెప్పారు నాయనా అంటే "మన గ్రూపులోనే అన్నా" అన్నాడు. ఆరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ట్రోల్ అనే మాటకి మూలం కూడా ఇక్కడ పనికొస్తాది. పడవ నడుస్తుండగా వెనకాల ఎర కట్టిన తాడు లాక్కుంటూ పోయి చేపలు పట్టడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు, కళింగపట్నం, భావనపాడు వైపోళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదికలో కొన్నిచోట్ల పాతోళ్ళు కావాలనే అరిగిపోయిన తప్పు ఒకటి పెట్టేవాళ్ళు, పాతోళ్ళెవరూ పలికేవాళ్ళు కాదు, కొత్తగా వచ్చినోడు మాత్రం సీరియస్‌గా దిద్దడానికి వచ్చి గాలానికి తగులుకునేవాడు. అంటే మొదట్నుంచీ ఈ ఆట పని లోపలోడెవడు బయటోడెవడు అని గీత గీయడమే. నవ్వినోళ్ళకి మేం లోపలున్నాం అనే ఆనందం దొరుకుతుంది, అది మనిషికి అవసరమైన ఆనందమే, నేను కాదనను. కానీ మా పిల్లలు ఎప్పుడూ ఆ గీతకి బయటవైపే మొదలవుతారు.

మోసపోయినోళ్ళు తెలివితక్కువోళ్ళు అనుకుంటే పొరపాటు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, అంటే ప్రపంచంలోనే తెలివైన కంప్యూటర్ మనుషులున్న చోట, తాడు తెగి పడిపోతున్న లిఫ్ట్‌లో పాదరసం చుక్క ఏమవుద్ది అనే ఫిజిక్స్ ప్రశ్న మీద ఎవరో సరదాగా, ప్రయోగం చేస్తే లిఫ్ట్‌కి పాదరసం అంటుకుంది, కాస్త కాలింది కూడా అని రాస్తే కొందరు నిజం హెచ్చరిక అనుకున్నారు. ఆ గందరగోళం మీద చర్చ జరిగి జరిగి సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోకైతే పక్కన కోలన్, గీత, బ్రాకెట్ పెట్టి నవ్వు ముఖం గుర్తు పెడదాం అన్నాడు. మనం రోజుకి వందసార్లు కొట్టే స్మైలీ పుట్టింది ఈ సమస్యలోంచే. 2005లో నేథన్ పో అనే ఆయన వేరే చర్చలో అన్నమాట ఇప్పుడు పో సూత్రం అయింది, కన్నుగీటే గుర్తు లేకపోతే వెటకారాన్ని ఎవరో ఒకరు నిజమనుకోవడం ఖాయమని.

అక్కడ వాళ్ళ సొంత భాషలోనే అలా అయితే మా సంగతి ఆలోచించండి. తెలుగులో ఎవడైనా వేషం వేస్తే మా పిల్లలు సెకన్లో పట్టేస్తారు, గొంతు మార్పు, సాగదీసిన మాట, ఎక్కడ వెటకారం ఉందో చెవికే తెలిసిపోద్ది. ఇంగ్లీషు అలా కాదు, వాళ్ళు దాన్ని పుస్తకం నుంచి, పరీక్ష కోసం నేర్చుకున్నారు, అచ్చులో ఇంగ్లీషు ఉందంటే అది పాఠమే. తెలుగు మధ్యలో నాలుగు ఇంగ్లీషు మాటలు, ఒక డిజిగ్నేషన్, గట్టిగా చెప్పే తీరు ఉంటే చాలు, చెప్పినోడు సారే. సార్‌ని ఎదురు ప్రశ్న అడగకూడదని చిన్నప్పట్నుంచీ మేమే నేర్పాం.

మరి పెద్ద సైట్లలో ఓట్లు ఉంటాయి కదా, తప్పు సమాధానం కిందకి పోతుంది కదా అంటారు. పోతుంది, చాలాసార్లు బాగానే పోతుంది. కానీ ఒక్క విషయం చూడండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక సమాధానం బాలేదని ఓటు వెయ్యాలంటే 125 పాయింట్లు ఉండాలి. ఆ సమాధానం నమ్మి దెబ్బతిన్న కొత్తోడికి ఆ పాయింట్లు ఉండవు, వాడు ఇది నా కొంప ముంచింది అని ఓటుతో చెప్పలేడు. ఓట్లేసే చెయ్యి ఎప్పుడూ తెలిసినోడిదే, తెలిసినోడికి అది జోకని తెలుసు, నవ్వొస్తే పైకే వేస్తాడు. ఆ నియమం తీసెయ్యమనట్లేదు, ఓటు అనేది ఎవరి గొంతో గుర్తుపెట్టుకోమంటున్నాను.

తప్పు దిద్దడానికి ఎగబడే అలవాటు గురించి కూడా చెప్పాలి. వికీ అనేదాన్ని 1995లో మొదలెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరు మీద ఒక సూత్రం చెప్తారు, సరైన సమాధానం కావాలంటే ప్రశ్న అడక్కు, తప్పు సమాధానం పెట్టు అని. మా గ్రూపులో అది అక్షరాలా నిజం. మామూలు ప్రశ్నకి ఒక్కడు పలుకుతాడు, తప్పు పెడితే పదిమంది వస్తారు. వేషగాడికి కావల్సిందీ ఈ పదిమందే, వాళ్ళు ఎంత కోపంగా రాస్తే అతనికి అంత విందు. అందుకే పట్టించుకోకండి అంటారు పెద్దలు. కానీ పట్టించుకోకపోతే ర్యామ్ మిగులుద్ది అనే మాట ఏడాదిన్నర అలాగే పడుంటుంది. ఇక్కడే చాలామంది ఇరుక్కుపోతారు, పలికితే వాడికి మేత, పలక్కపోతే పిల్లలకి నష్టం.

నాకు తోచిన దారి, పలకాలి గానీ వాడితో కాదు. వాడి మెసేజ్‌కి రిప్లై కొట్టకుండా అడిగిన పిల్లోడికి నేరుగా సమాధానం రాయాలి, తమ్ముడూ ముందు ఏ ఫోల్డర్ ఎంత తింటోందో డీయూ కమాండ్‌తో చూడు, తర్వాత డౌన్‌లోడై మిగిలిపోయిన ప్యాకేజీలు తీసేసే ఆప్ట్ క్లీన్ కొట్టు, అని. వేషగాడి పేరు ఎత్తక్కర్లేదు. చూసేవాళ్ళు లేని వేషం ఎంతసేపు కడతాడు.

ఇంకో కొత్త చదువరి కూడా వచ్చింది ఇప్పుడు. 2024 మేలో గూగుల్ కృత్రిమ మేధ, పిజ్జా మీద చీజ్ జారిపోతుంటే సాస్‌లో కాస్త గమ్ కలపమని జనానికి సలహా ఇచ్చింది. వెతికితే అది రెడిట్ అనే చర్చల సైట్లో అప్పటికి 11 ఏళ్ళ కిందట ఎవరో సరదాకి రాసిన మాట. అప్పుడు చదివినోళ్ళు నవ్వుకుని వదిలేశారు, యంత్రానికి ఆ నవ్వు కనపడలేదు, మాట ఒక్కటే కనపడింది. దీనికి ముందే, 2022 డిసెంబర్‌లో, చాట్‌జీపీటీతో రాసిన సమాధానాలని స్టాక్ ఓవర్‌ఫ్లో ఆపేసింది, తప్పులు ఎక్కువున్నా చూడ్డానికి కరెక్టులా ఉంటున్నాయి అన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఆ కారణం చదివినప్పుడు నాకు మా సీనియరే గుర్తొచ్చాడు. గట్టిగా, పద్ధతిగా, తప్పుగా చెప్పడం. పదేళ్ళ కిందట ఆ రోజు అక్కడున్నోళ్ళ కోసం వేసిన జోకు ఇప్పుడు అక్కడ లేనోళ్ళందరికీ పాఠంగా వెళ్తోంది.

ఇంతకీ ఆ సీనియర్ ఎవరంటే, నేను ఫోన్ చేశాను, విజయనగరం దగ్గర బీటెక్ మూడో ఏడు చదివే పిల్లోడు. డెవాప్స్ ఏమీ కాదు. "నిజంగా కొడతాడనుకోలేదన్నా, నన్ను కూడా ఫస్టియర్లో ఇలగే ఆడుకున్నారు" అన్నాడు, గొంతు వణికింది. నేను అతన్ని గ్రూపులోంచి తియ్యలేదు. తీస్తే ఇంకో నంబరుతో వస్తాడని కాదు, నిజంగా తెలిసినోడు కాబట్టి. ఇది తప్పని ఇప్పటికీ నాతో వాదించే వాళ్ళున్నారు, ఆ పలాస పిల్లోడి బాబాయి కూడా వాళ్ళల్లో ఉన్నాడు, ఆయన కోపం న్యాయమే.

హార్డ్ డిస్క్ పాతది కావడం ఒక్కటే కలిసొచ్చింది. కొత్త రకం ఎస్ఎస్‌డీ అయ్యుంటే, ఖాళీ అయిన చోటుని శుభ్రం చేసే ట్రిమ్ వల్ల చెరిపినదంతా తుడిచిపెట్టుకు పోయే ప్రమాదం ఉండేది. లాప్‌టాప్ ఇంక ఆన్ చెయ్యొద్దని చెప్పి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, చెరిగిన ఫైళ్ళు వెతికే ఫోటోరెక్ నడిపాం, ఆ మూడో ఏడు పిల్లోడే రాత్రంతా వీడియో కాల్‌లో కూర్చున్నాడు. ఫైళ్ళ పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి, రిపోర్టు దొరికింది, కోడ్ సగం దొరికింది, మిగతా సగం ఇద్దరూ కలిసి మళ్ళీ రాశారు. రివ్యూకి వారం వాయిదా ఇచ్చారు.

కానీ ఆ తర్వాత పది రోజులు గ్రూపులో కొత్త పిల్లలెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇది నేను ఊహించలేదు. మంచి సమాధానాలు కూడా ఎవరూ నమ్మడం లేదు, చెప్పింది నేనైనా సరే. పోయిన ఫైళ్ళకన్నా ఇది పెద్ద నష్టం, దీన్ని తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

అప్పుడు నేనూ ఇంకో అన్నా కలిసి పెట్టుకున్న కట్టుబాట్లు పెద్దవేం కాదు. జోకు ఎంతైనా వెయ్యొచ్చు, కానీ అడిగినోడికి అసలు సమాధానం ముందు రావాలి, జోకు దాని కింద. చెరిపేసేవి, ఫార్మాట్ చేసేవి, సుడోతో మొదలయ్యేవి కాపీ చెయ్యడానికి కుదరకుండా మధ్యలో తెలుగు మాట పెట్టి రాయాలి, టైప్ చేస్తున్నప్పుడైనా చెయ్యి ఆగుద్ది. తప్పు మెసేజ్‌ని అందరికీ డిలీట్ కొట్టెయ్యం, కొట్టేస్తే పాఠం కూడా పోద్ది, కమాండ్ తీసేసి, ఇది ఎందుకు తప్పో రాసి మళ్ళీ పెడతాం. జోకుకి చివర్న వేషం అని ఒక్క మాట రాయాలి. మొదట్లో కొందరు, వేషం అని రాశాక ఇంకేం నవ్వొస్తాది అన్నారు. ఇప్పుడు ఆ మాట రాయడంలోనే పోటీ పడుతున్నారు, ఎంత సీరియస్‌గా నడిపి ఎక్కడ విప్పాలా అని.

నిన్న రాత్రి ఆమదాలవలస నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె, నేను రాసిన సమాధానం కిందే అడిగింది, "వేషమా, నిజమా అన్నా?" అని. నిజమేనమ్మా అని రాసి, మాన్యువల్లో ఎక్కడుందో ఫోటో తీసి పెట్టాను. చూశాను అన్నా, కొడుతున్నాను అంది.